చింతచెట్టు మీది గూడబాతుకు మిర్రర్ లెన్స్ సరిపోతుందా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్, దాంతో వచ్చిన 18-55, తర్వాత కొన్న 55-250 లెన్సులు ఉన్నాయి. తేలినీలాపురంలో గూడబాతుల్ని (పెలికాన్లని) తీస్తే ఫొటోలో మరీ చిన్నగా పడుతున్నాయి. పెద్ద టెలీ లెన్సు కొనే స్తోమత లేదు. 500 ఎంఎం మిర్రర్ లెన్స్ ఒకటి పది వేల లోపే కనిపించింది. కొనమంటారా అండీ?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: గూటి మీద కూర్చున్న పక్షుల కోసమైతే కొనండి. ఎగిరే పక్షుల కోసమైతే మాత్రం వద్దు, ఉన్న 55-250 తోనే తీయండి, ఎందుకంటే మీరు చూసిన ధరలో దొరికే మిర్రర్ లెన్సుల్లో ఆటోఫోకస్ ఉండదు, రెక్క విప్పిన పక్షి వెంట చేత్తో ఫోకస్ తిప్పుతూ పోవడం బాగా చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం.

ఆ ధరకు ఎలా ఇస్తున్నారంటే, అందులో పొడవాటి గాజు వరస లేదు. లోపలికొచ్చిన వెలుతురు వెనకనున్న అద్దానికి తగిలి, ముందు గాజు మధ్యలో అంటించిన చిన్న అద్దం మీదికొచ్చి, అక్కణ్నుంచి వెనకద్దం నడిమి రంధ్రంలోంచి కెమెరాలోకి పోతుంది. అందుకే 500 ఎంఎం లెన్సు అరచేతిలో ఇమిడేంత పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది. మామూలు చౌక టెలీ లెన్సుల్లో కొమ్మల అంచుల వెంట కనిపించే ఊదారంగు కూడా ఇందులో చాలా తక్కువ. ఇది నిజంగా దీని గొప్ప.

ఇబ్బందులూ ఆ ముందు అద్దంతోనే వస్తాయి. అది మధ్యలో వెలుతురుని ఆపేస్తుంది కాబట్టి, లెన్సు మీద వెలుతురు కొలత ఎఫ్/8 అని రాసున్నా కెమెరాకు అందే వెలుతురు అంతకంటే తక్కువే. ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం సైజు) మార్చే వీలు లేదు, మీ చేతిలో ఉండేది షట్టర్ స్పీడు, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) మాత్రమే. ఫోకస్‌లో లేని మెరుపులన్నీ గారెల్లా నడుమ చిల్లితో పడతాయి. చింతాకుల సందుల్లోంచి ఆకాశం తొంగిచూసే చోట, నీళ్ల మీద ఎండ తళుక్కుమనే చోట ఇవి ఫొటోని పాడుచేస్తాయి. పక్షి వెనక ఒట్టి ఆకాశమో, దూరంగా ఒకే రంగు తోపో ఉండేలా నాలుగడుగులు పక్కకి జరిగి తీయండి.

చాలామంది ఈ లెన్సు కొని "షార్ప్‌గా లేదు" అని పక్కన పడేస్తారు. నన్నడిగితే తప్పు ఎక్కువసార్లు గాజుది కాదు, ఫోకస్‌ది, ఊగుడుది. మీ కెమెరాలో సెన్సరు (బొమ్మ పడే పలక) చిన్నది కాబట్టి దాని మీద 500 ఎంఎం అంటే 800 ఎంఎం చూపించేంత దగ్గరగా చూపిస్తుంది, మీ చేతి వణుకునీ అంతే పెద్దది చేస్తుంది. చేత్తో పట్టుకుంటే షట్టర్ స్పీడు 1/1000 సెకను కన్నా తగ్గొద్దు. ఉదయం మంచి ఎండలో ఐఎస్ఓ 400 నుంచి 800 మధ్య ఆ స్పీడు వచ్చేస్తుంది. ట్రైపాడ్ ఉంటే దాని నడిమి కడ్డీ పైకి లాగకుండా, రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయండి. ఫోకస్ వ్యూఫైండర్లో చూసి చేయకండి. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) పది రెట్లు పెద్దది చేసి, పక్షి కన్ను మీద నెమ్మదిగా రింగు తిప్పండి. 20 మీటర్ల దూరంలో ఉన్న పక్షికి ముందూ వెనకా కలిపి సుమారు అర మీటరే స్పష్టంగా వస్తుంది, అంటే గూడు బాగా పడి తల పోయే ప్రమాదముంది. రింగు ఇన్ఫినిటీ గుర్తు దాటి కూడా తిరుగుతుంది, వేడికీ చలికీ లోపలి కొలతలు కాస్త మారతాయని అలా వదిలేస్తారు, కాబట్టి చివరిదాకా తిప్పి వదిలెయ్యకూడదు.

కెనాన్‌కు టీ-మౌంట్ రింగు (లెన్సుని కెమెరాకు బిగించే రింగు) విడిగా కావాలేమో కొనేముందే అడగండి. కెమెరా డయల్ మీద మోడు ఎమ్ (అన్నీ మీరే పెట్టుకునేది) గానీ ఏవీ (షట్టర్ స్పీడు కెమెరాయే చూసుకునేది) గానీ పెట్టుకోండి. ఫొటోలు కాస్త పొగమంచు పట్టినట్టు వెలవెలబోతాయి, అది దీని స్వభావం. హుడ్ (ముందు తగిలించే నీడ గొట్టం) తగిలించి, రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని ఫైలులో) తీసి, తర్వాత కాంట్రాస్ట్ పెంచితే చాలావరకు తేరుకుంటుంది. ఎండెక్కాక నౌపడా ఉప్పుమళ్ల మీదుగా దూరానికి తీస్తే మాత్రం ఏ లెన్సైనా ఒకటే, నేల సెగకి బొమ్మ అలలా కదులుతుంది. పొద్దున్నే వెళ్లండి.

సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే టార్చి వేసి లోపల చూడండి, మన సముద్రపు గాలికి లెన్సుల్లో బూజు తొందరగా పడుతుంది. కొన్నిటికి వెనక చిన్న ఫిల్టరు ఉంటుంది, అది లెన్సులో భాగమే, పోయినదైతే తీసుకోకండి. ఇంకొక్క మాట, 500 ఎంఎం కొనేది దూరంగా నిలబడడానికి. తేలినీలాపురం వాళ్లు తమ చెట్ల మీది పక్షుల్ని ఇన్నేళ్లుగా ఇంటి చుట్టాల్లా కాపాడుకుంటున్నారు, గూటి కిందికి వెళ్లి వాటిని బెదరగొట్టొద్దు.

ప్రశ్న: ఇదే లెన్సుతో మా డాబా మీంచి చందమామని తీయొచ్చా?
- విజయనగరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: హాయిగా తీయొచ్చండీ. 500 ఎంఎంలో చంద్రుడు సెన్సర్ మీద సుమారు 4.5 మిల్లీమీటర్లు పడతాడు, చిన్న సెన్సరున్న డీఎస్ఎల్ఆర్‌లో అది ఫ్రేము ఎత్తులో మూడో వంతుకు కాస్త తక్కువ. ఐఎస్ఓ 200, 1/200 తో మొదలుపెట్టి సరిచేసుకోండి. పౌర్ణమి కంటే సప్తమి, అష్టమి నాడు తీయండి, వెలుగునీడల సరిహద్దులో గుంటలు బాగా కనిపిస్తాయి. సూర్యుడి వైపు మాత్రం ఈ లెన్సు తిప్పకండి, సరైన సోలార్ ఫిల్టరు లేకుండా వ్యూఫైండర్లో చూస్తే కన్ను పోతుంది.