వంద గ్రాముల బియ్యంతో మొదలుపెట్టు

చిరంజీవి అమ్మడికి,

పెద్దనాన్న ఆశీస్సులు. స్కూల్లో చేరావని నాన్న చెప్పాడు. నీ ఉత్తరమూ అందింది. ట్రైనింగ్‌లో అనుభవపూర్వక అభ్యసనం, అంటే స్వయంగా చేసి నేర్చుకోవడం అంటూ ఊదరగొట్టారనీ, ఇక్కడ చూస్తే ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు.

2020 జాతీయ విద్యా విధానంలో ఉంది కాబట్టి ఈ మాట మీకు కొత్తగా వినిపిస్తోంది. మాకు 1980ల్లోనే వచ్చింది, ఏపీపెప్ పేరుతో. బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన ప్రాథమిక విద్యా పథకం అది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, పరిసరాలను వాడుకోవాలి, వాళ్లు చేసినవి తరగతి గదిలో ప్రదర్శించాలి అని దాని సూత్రాలు. నేను చూసిన బళ్లలో ఆ చివరిది మాత్రం బ్రహ్మాండంగా అమలైంది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ల కంట పడేది అదే కదా!

కృత్యం చేయించగానే పాఠం అయిపోయిందనుకోకు. అనుభవాలన్నీ ఒకేలా నేర్పవని అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లోనే రాశాడు. చదువుకు అడ్డం పడే అనుభవాలు కూడా ఉంటాయన్నాడు. ఆ దేశంవాడే, విద్యా సిద్ధాంతకర్త డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన చక్రం నువ్వు పరీక్ష కోసం బట్టీ పట్టే ఉంటావు: ఒక అనుభవం, దాన్ని తిరిగి తరచి చూడటం, అందులోంచి ఒక సూత్రం పట్టుకోవడం, ఆ సూత్రం నిలుస్తుందో లేదో మళ్లీ చేసి చూడటం. మన బళ్లలో మొదటిది అయ్యేసరికి గంట కొడతారు. రేపు కొత్త పాఠం.

ఒక పని చెప్తాను, నాలుగు, ఐదు తరగతులను కలిపి చెయ్యి. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకి తలకి 100 గ్రాముల బియ్యం లెక్క. ఉదయం హాజరు పిలవగానే ఇవాళ ఎన్ని కిలోలు కావాలో పిల్లల్నే లెక్క కట్టమను. 43 మంది వస్తే నాలుగు కిలోల మూడు వందలు. దశాంశాలు అక్కడే వస్తాయి. ఆ తర్వాత వంట ఆయమ్మని బతిమాలి, ఒక్కరి వాటా బియ్యం చిన్న గిన్నెలో విడిగా వండించు. పొయ్యి దగ్గరికి మాత్రం పిల్లల్ని రానివ్వకు. అన్నం ఎంత తూగుతుందో ముందుగా ఎవరికి వాళ్లు నోటుబుక్కులో రాసుకోవాలి. ఈ అంచనా రాయించకపోతే మిగతాదంతా తమాషా చూసినట్టే అయిపోతుంది.

తూచాక చూడు, బరువు రెండు రెట్లు దాటి ఉంటుంది. ఎందుకంటే, ఉడికితే ఉబ్బుతుంది కాబట్టి అంటారు కొందరు. నీళ్లు తాగింది అంటారు ఇంకొందరు. నువ్వు నోరు విప్పకు. కొత్త టీచర్లకి అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ఎవరిమాట నిజమో తేల్చడం ఎలా అని మాత్రం అడుగు. పోసే నీళ్లు కూడా తూచాలని, వార్చిన గంజి తూచాలని ఎవరో ఒకరు అంటారు. అనకపోతే మర్నాటిదాకా ఆగు. మర్నాడు అన్నీ తూస్తే బియ్యం, నీళ్లు కలిపిన బరువుకీ అన్నం, గంజి కలిపిన బరువుకీ పొంతన కుదరదు. తగ్గిందేదో ఎటు పోయిందన్న ప్రశ్న వాళ్లకై వాళ్లకే పుడుతుంది. ఆవిరి పాఠం అప్పుడు తియ్యి. మూత పెట్టి వండితే తేడా తగ్గుతుందా అని మూడోసారి చేయిస్తే కోల్బ్ చక్రం ఒక చుట్టు పూర్తయినట్టే.

సిలబస్ వెనకబడుతుందని మీ హెచ్.ఎం. గారు అంటారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే నెలకి ఒకటి, రెండు చాలు. కొలతలు, దశాంశాలు, నీటి రూపాలు ఒకేసారి అయ్యాయని పాఠ్య ప్రణాళికలో రాసి చూపించు. ఎఫ్.ఎ.లో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, చదువు సాగుతుండగానే చేసే మూల్యాంకనం) ప్రాజెక్టు పని మార్కులు కూడా దీనికే వెయ్యి. నెట్ సెంటర్లో ప్రింటు తీయించి అంటించిన చార్టుల కంటే ఇది నయం. ఎక్కాలకి, గుణింతాలకి ఈ హంగామా అక్కర్లేదు, హాయిగా వల్లె వేయించు.

ఈ పిల్లాడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం అని విడదీయమని ఎవరైనా చెబితే తలూపి ఊరుకో. అలా విడదీసి నేర్పితే ఫలితం మెరుగవుతుందనడానికి సరైన ఆధారం లేదని 2008లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు పరిశోధనలన్నీ తిరగేసి చెప్పారు.

ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడపడానికి మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్లు కార్డుల పద్ధతి తయారుచేశారు. అనుమతి దొరికితే వెళ్లి చూసిరా. దసరాకి వచ్చేటప్పుడు పిల్లలు అంచనాలు రాసిన నోటుబుక్కులు ఓ నాలుగు పట్టుకురా, బాగా తప్పినవి. చిన్న కాటా ఒకటి నా దగ్గర ఉంది, నాన్నకిచ్చి పంపిస్తున్నాను.

మీ
పెద్దనాన్న