గుమాస్తా రాసుకునే రూల్స్‌కి ఒక చిన్న భాష

ప్రశ్న: మా బావగారు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుతారు. బిల్లుల కోసం పైథాన్‌లో ప్రోగ్రాం రాసిచ్చాను. తాలుకి (రంగు పోయిన నాసిరకం కాయకి) ఎంత తగ్గించాలి, హమాలీ ఎంత, కోల్డ్ స్టోరేజీ సరుకైతే ఎలా... ఏ రూల్ మారినా గుమాస్తా నాకే ఫోన్ చేస్తాడు. ఆ రూల్స్ ఆయనే తెలుగులో రాసుకునేలా చిన్న భాష తయారు చేద్దామని ఉంది. దానికి యాంట్లర్ (ANTLR) అనే టూల్ నేర్చుకోవాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: టూల్ సంగతి తర్వాత. ముందు గుమాస్తా పక్కన కూర్చుని, ఆయన నోటి వెంట వచ్చిన రూల్స్ ఓ ఇరవై కాగితం మీద ఎక్కించండి. ‘తాలు అయితే క్వింటాకు 500 తగ్గించు’ అంటాడు, మరుక్షణం ‘క్వింటాలుకి’ అంటాడు. రెండూ ఒకటేనని, వాక్యం ఎలా ఉండాలో చెప్పే మీ గ్రామర్‌కి తెలియాలి. ఆ ఇరవై వాక్యాలూ ఒకే మూసలో ఉంటే భాషా వద్దు, ఏమీ వద్దు, ఎక్సెల్ షీట్ చాలు. షరతు లోపల షరతు వస్తోందా, అప్పుడు దిగండి.

యాంట్లర్ గట్టిదే. కానీ పార్సర్ (వాక్యాన్ని ముక్కలు చేసి అర్థం పట్టే ప్రోగ్రాం) కోడ్ పుట్టించడానికి దానికి జావా కావాలి. మీరెలాగూ పైథాన్‌లోనే ఉన్నారు కాబట్టి లార్క్ అనే పైథాన్ పార్సర్ లైబ్రరీ తీసుకోండి. ఏమీ చెప్పకపోతే అది ఎర్లీ (Earley) అనే పద్ధతిలో నడుస్తుంది. ఒకే వాక్యానికి రెండర్థాలొచ్చే గ్రామర్‌ని కూడా ఓపిగ్గా మోస్తుంది. డబ్బు లెక్కల్లో ఆ ఓపిక మనకొద్దు, వాక్యానికి ఒకే అర్థం తీసుకునే పద్ధతి కావాలి, పార్సర్ ఆప్షన్‌లో ఎల్‌ఏఎల్‌ఆర్ అని రాయండి. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన పార్సర్ టూల్ యాక్‌ది ఈ పద్ధతే. ముక్కల్ని పోగేసుకుంటూ వెళ్లి చివర్లో నిర్ణయిస్తుంది. క్రియ చివర వచ్చే మన వాక్యానికి బాగా కుదురుతుంది.

ఇక అసలు గొయ్యి. విజయవాడలో ఒక బట్టల కొట్టుకి డిస్కౌంట్ రూల్స్ కోసం నేనూ ఇలాంటిదే రాశాను. పదాన్ని పట్టడానికి అందరూ వాడే రెగెక్స్ (అక్షరాల్ని పట్టే నమూనా) ‘\w+’ పెట్టాను. ‘చీర’ అని కొడితే ‘చ’, ‘ర’ అని రెండు ముక్కలొచ్చాయి! పైథాన్ మామూలు రెగెక్స్ మన గుణింతం గుర్తుల్ని అక్షరాల కింద లెక్కేయదు. రెండు రాత్రులు గ్రామర్‌నే తిట్టుకున్నాను. మీ ‘తాలు’కీ అదే గతి, ‘త’, ‘ల’ మిగులుతాయి. ‘రెగెక్స్’ అనే విడి ప్యాకేజీ వేసుకుని, లార్క్‌లో దాని ఆప్షన్ ఆన్ చేయండి, సరిపోతుంది.

ఎక్కువ టైమ్ మాత్రం తప్పుల మెసేజ్‌లకి పెట్టండి. ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్’ అని ఎర్రగా కనిపిస్తే గుమాస్తా మళ్లీ మీకే ఫోన్ చేస్తాడు. తప్పు ఏ లైన్లో ఉందో, అక్కడ ఏం రావాలో లార్క్ చెబుతుంది. దాన్ని పట్టుకుని ‘3వ లైన్లో 500 తర్వాత తగ్గించు అని గానీ కలుపు అని గానీ ఉండాలి’ అని మీరు తెలుగులో చూపించాలి.

ఇంకొకటి, ప్రతి బిల్లుతో పాటు ఆ రోజు అమల్లో ఉన్న రూల్స్ కాపీ కూడా దాచండి. నెల తర్వాత రైతు వచ్చి ‘ఇంత ఎందుకు కోశారు?’ అని అడిగితే, ఆ లైన్ తీసి చూపించొచ్చు.