మూగపిల్లా, చెవిటిపిల్లా, వినపడని పిల్లా?

సందేహం: నరసాపురం దగ్గర రేవు పక్క పల్లె నేపథ్యంగా ఒక టీవీ సీరియల్‌కు మాటలు రాస్తున్నాను. కథాకాలం 1985. అందులో పుట్టుకతోనే వినపడని అమ్మాయి ఒకరు ఉన్నారు. స్క్రిప్టులో 'మూగపిల్ల' అని రాశాను. 'చెవిటి–మూగ' అనాలని ఒకరు, 'బధిర' అనాలని ఒకరు, 'దివ్యాంగురాలు' అనాలని ఇంకొకరు అంటున్నారు. ఏది సరైనది? సైగ, సంజ్ఞ, సౌంజ్ఞ ఒకటేనా? ఆమె చేతులతో చెప్పేదాన్ని సబ్‌టైటిల్‌లో ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

సమాధానం: ముందు 'మూగ' కొట్టేయండి. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. 'పుట్టుకతోనే వినపడని అమ్మాయి' అన్నారు కదా, పాత్ర పరిచయంలో ఆ మాటే ఉంచండి. అంతకన్నా సూటైన తెలుగు లేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మనవాళ్లు పేరు పెట్టేటప్పుడు చెవిని కాక నోటిని చూశారు. పెద్దవయసులో వినికిడి పోయినాయన మాట్లాడతాడు కాబట్టి ఆయన చెవిటివాడు. పుట్టుకతో వినపడని పిల్లకు మాట రాలేదు కాబట్టి ఆమె మూగది. నిజానికి చెవుడు ఈ పిల్లకే ఎక్కువ. ఆమె గొంతులోనూ నాలుకలోనూ సాధారణంగా లోపమేమీ ఉండదు. వినని మాట పలకడం రాలేదు, అంతే. సంస్కృత నిఘంటువు అమరకోశం ఇలాంటివాళ్లను 'ఏడమూకస్తు వక్తుం శ్రోతుమశిక్షితే' అంది. మాట్లాడటంలోనూ వినడంలోనూ శిక్షణ లేనివాడని అర్థం. శక్తి లేదనలేదు, నేర్పలేదంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా ఈ రెంటినీ వేరుచేసింది. మాట, భాషలకు సంబంధించిన వైకల్యం ఒక పద్దు, వినికిడి లోపం ఇంకో పద్దు. వినికిడి లోపంలో మళ్లీ రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టమైతే వినికిడి తక్కువ, 70 డెసిబెల్స్ నష్టమైతే బధిరత్వం.

ఇక పదాల పుట్టుక. 'మూగ' సంస్కృత 'మూక'కు తద్భవం. (దొంగల మూకలోని 'మూక' ఇది కాదు. అది 'మూగు' క్రియకు చుట్టం.) 'చెవుడు' మాత్రం మన ఇంటి మాట. తమిళంలో చెవిడు, కన్నడంలో కివుడు. నోరు నోటి అయినట్టే చెవుడు చెవిటి అయింది. పుట్టుకలో ఇది తిట్టు కాదు. తిట్టుగా మారింది రెండు దారుల్లో. ఒకటి, 'చెవిటి మాలోకం' లాంటి వాడుకలు. రెండోది వ్యాకరణమే. తెలుగులో స్త్రీ ఏకవచనానికీ పశువుకీ వస్తువుకీ ఒకటే 'ది' ప్రత్యయం. 'చెవిటిది', 'మూగది' అనగానే మనిషి అమహద్వాచకంలోకి, అంటే పశువులూ వస్తువులూ ఉండే వర్గంలోకి, జారుతుంది. పైగా 'మూగజీవాలు' అంటే గొడ్లూ మేకలూ కదా. అందుకే 'చెవిటావిడ' గుచ్చుకోనంతగా 'చెవిటిది' గుచ్చుకుంటుంది.

సినిమాల్లో 'మూగ' మూడు రకాలుగా వాడారు. గోదావరి మీద పడవ నడిపే నాయకుడి కథ 'మూగమనసులు' (1964)లో మాట రానివాళ్లెవరూ లేరు, ఆ మూగతనం పైకి చెప్పుకోని ప్రేమది. 'సిరివెన్నెల' (1986)లో నాయికకు మాట రాదు, చెవులు చక్కగా పనిచేస్తాయి. వేణువు వినగలిగింది కాబట్టే ఆ కథ నడిచింది, అక్కడ 'మూగ' సరైన మాటే. మూడోది తప్పుడు రకం. పుట్టుచెవుడని చెప్పిన పాత్ర, వెనకనుంచి పిలిస్తే తల తిప్పుతుంది. 'మూగ' అని రాసుకున్న స్క్రిప్టులో ఈ పొరపాటు దానంతటదే దొర్లుతుంది, ఎందుకంటే ఆ మాటలో చెవి ప్రసక్తే లేదు. 'వినపడని' అని రాసుకుంటే దర్శకుడు ప్రతి సీనులోనూ ఆ పిల్ల ఎటు చూస్తోందో చూసుకుంటాడు.

'చెవుడు' హాస్యం సంగతీ చెప్పాలి. చెవిటి పెద్దమ్మను చేంతాడు తెమ్మంటే చెవిపోగులు నా జన్మానా ఎరగనందని సామెత. పెద్దమ్మకు మొదటి 'చే' అందింది, మిగతాది ఊహించుకుంది. వయసు మీద పడి వినికిడి సన్నగిల్లినవాళ్ల తీరు ఇది. మీ అమ్మాయికి అసలు ఆ 'చే' అందదు. ఆమె పొరబడితే పెదవుల దగ్గర పొరబడుతుంది. ప, బ, మ మూడూ పెదవులు కలిపి పలికేవే కాబట్టి పాట, బాట, మాట ఆమె కంటికి ఒక్కటే. పంటా మంటా అంతే. క, గ లోపలెక్కడో పలుకుతాయి కాబట్టి కాలికీ గాలికీ తేడా కనపడదు. ఎదుటివాడికి గుబురు మీసముంటే ఆ కాస్తా పోతుంది. 'పంట' అన్నది 'మంట' అనుకుని బిందెతో పరుగెత్తే సీను నమ్మేలా ఉంటుంది. 'చేంతాడు–చెవిపోగులు' సీను మాత్రం ఆమెకు పెట్టకండి. 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వికలాంగుల చిత్రణపై తీర్పిస్తూ, వైకల్యాన్ని కించపరిచే హాస్యం వేరు, దాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అంది. పై రెండు సీన్ల తేడా సుమారుగా అదే.

పాత్రల నోట ఏ మాట పెట్టాలన్నది వేరే లెక్క. 1985లో మీ రేవులో పంటువాడు (ఏరు దాటించే పడవ నడిపేవాడు) 'బధిర యువతి' అనడు. 'ఆయ్, ఆ అమ్మాయికి వినపడదండి' అంటాడు, కోపమొస్తే 'మూగమొద్దు' అనీ అంటాడు. అననివ్వండి, ఆ మాట ఆ పాత్ర గుణం చెబుతుంది. 'రంగస్థలం' (2018)లో వినికిడి తక్కువైన చిట్టిబాబును ఊరు 'సౌండ్ ఇంజినీరు' అంటుంది. నిఘంటువులో దొరికే మాట కాదది, ఊరు పెట్టే పేరు అలాగే ఉంటుంది. 'దివ్యాంగులు' 2015 చివర్లో ప్రచారంలోకి వచ్చిన మాట. 1985లో పంచాయతీ ప్రెసిడెంటు నోట వినిపిస్తే నవ్వుతారు. ఆనాటి కాగితాల మాట 'వికలాంగులు'. 'బధిర' బడి బోర్డు మీద, వార్తల్లో బాగుంటుంది. 'చెవిటి–మూగ' జంట అసలొద్దు. మొదటిది చాలినచోట రెండోది అదనపు ముద్ర.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. 'ఈ పిల్ల వినదు' వేరు, 'ఈ పిల్లకు వినపడదు' వేరు. మొదటిది మొండితనం, రెండోది చెవుడు. నాయనమ్మ ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటంలో మంచి సంభాషణ ఉంది, కానీ అది తెలిసి చేయాలి.

సైగ ఎవరైనా చేస్తారు. రేవు అవతలివాణ్ని రమ్మని చెయ్యి ఊపడం సైగ. సంజ్ఞ అంటే నలుగురూ ఒప్పుకున్న గుర్తు. తెలుగు వ్యాకరణ గ్రంథం బాలవ్యాకరణం మొదలయ్యేదే సంజ్ఞా పరిచ్ఛేదంతో, అంటే వ్యాకరణంలో వాడే పేర్లు చెప్పే అధ్యాయంతో. 'కనుసన్న'లోని సన్న దీని తద్భవమే, 'సౌంజ్ఞ' దీని వాడుక రూపం. కాబట్టి సొంత వ్యాకరణమున్న భాషకు 'సంజ్ఞా భాష' అన్న పేరే తగినది, 'మూగభాష' తప్పు. అయితే మీ అమ్మాయి బడికి వెళ్లిందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. వెళ్లకపోతే ఆమెవి ఇంటి సైగలే. నాన్నకు మీసం మెలేయడం, కొబ్బరికాయల దింపు రోజుకు చెట్టెక్కినట్టు చేతులు ఆడించడం లాంటివి, ఇంట్లోవాళ్లకే పూర్తిగా తెలిసేవి. అవి కూర్చడానికి వినపడనివారినే ఒకరిని పెట్టుకోండి. భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం ఢిల్లీలో ఏర్పడింది 2015లో, 3,000 పదాల మొదటి నిఘంటువు వచ్చింది 2018లో. ఆ గుర్తులను 1985 నాటి రేవులో బడి ముఖం చూడని పిల్ల చేతుల్లో పెడితే పొసగదు.

సబ్‌టైటిల్‌లో 'నేను... రేవు... వెళ్లు' అని ముక్కలుగా రాయకండి. చేతులతో చెప్పినా అది నిండు వాక్యమే. 'నేను రేవుకు వెళ్తున్నాను' అనే రాయాలి. ముక్కలుగా రాస్తే ఇరవై ఏళ్ల మనిషి రెండేళ్ల పాపలా కనపడుతుంది. స్క్రిప్టులో 'సైగ చేసింది' అని ప్రతి చోటా రాసినా ఇదే నష్టం. 'అంది', 'అడిగింది', 'దెప్పింది' అని రాయండి. అడగడంలో కనుబొమలు, కాదనడంలో తల ఊపు కూడా వాక్యంలో భాగమే కాబట్టి, తల నుంచి నడుం దాకా ఫ్రేములో ఉండాలని పక్కనే గుర్తు పెట్టండి. ఆమె చెబుతుండగా వినేవాడి ముఖం మీదికి షాట్ కోస్తే సగం వాక్యం పోయినట్టే. రాత్రి పంటు మీద సీనైతే లాంతరు ఆమె చేతుల మీదికి పడాలి. ఎదుటివాడు 'అంటే నువ్వు పెళ్లికి రానంటున్నావా?' అని ప్రతిదీ పైకి వల్లించడం పాత పద్ధతి. సబ్‌టైటిల్ ఉన్నాక దాని అవసరం లేదు.

మీరు అడగలేదు గానీ, ఇంకొకటి. వినపడని ప్రేక్షకుల కోసం చప్పుళ్లు రాసేటప్పుడు వట్టి '(జలజల)', '(కిర్రు)' సరిపోవు. పుట్టుకతో వినపడనివారికి ధ్వన్యనుకరణలో ధ్వని లేదు. '(లాకుల దగ్గర నీళ్లు జలజల పడుతున్నాయి)' అని చప్పుడు ఎక్కణ్నుంచో ముందు చెప్పండి. తెర మీద కనిపిస్తున్న చప్పుడుకు అదీ అక్కర్లేదు, తెర వెనక నుంచి వచ్చేదానికి మాత్రం తప్పనిసరి.