ఆ కుర్చీకి దరఖాస్తు ఫారం లేదు బిడ్డా

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

వకీలుగా ఎన్‌రోల్‌మెంట్ అయిందని, ఎప్పటికైనా హైకోర్టు జడ్జి కావాలని ఉందని రాశావు. ఆ కోరికను గట్టిగా పట్టుకో. అయితే దానికి పరీక్ష లేదు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, తర్వాతి ఇద్దరు సీనియర్ జడ్జీలు పేరు పంపాలి. రాష్ట్రం, కేంద్రం విచారించాక సుప్రీంకోర్టు కొలీజియం, అంటే అక్కడి సీనియర్ జడ్జీల బృందం, ఒప్పుకోవాలి. చివరికి రాష్ట్రపతి నియమించాలి. ఇందులో ఏదీ నీ చేతిలో లేదు. నీ పేరు అక్కడిదాకా పోయేనాటికి నీ పని ఎట్లా కనబడుతుందన్నది మాత్రం ఈరోజు నుంచే నీ చేతిలో ఉంది.

ముందు వయసు లెక్క చూసుకో. రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం హైకోర్టు వకీలుగా 10 ఏండ్లు గానీ, న్యాయాధికారిగా 10 ఏండ్లు గానీ ఉండాలి. 62 నిండితే దిగిపోవాలి. సివిల్ జడ్జి పరీక్ష రాసి కింది మెట్టు నుంచి ఎక్కితే జిల్లా జడ్జి అయ్యేసరికే చాలా ఏండ్లు గడుస్తాయి. హైకోర్టు పిలుపు వచ్చినా చివరి నాలుగైదేండ్లే మిగలవచ్చు. 7 ఏండ్ల ప్రాక్టీసు తర్వాత 35 దాటగానే నేరుగా జిల్లా జడ్జి పరీక్ష రాస్తే సర్వీసులో సీనియారిటీకి సమయం దొరుకుతుంది. బార్ నుంచి, అంటే వకీలుగా ఉంటూనే నేరుగా హైకోర్టుకు పోయేవాళ్లను సాధారణంగా 45కు పైబడ్డాకే చూస్తారు, కానీ వాళ్లకు జడ్జిగా ఎక్కువ కాలం ఉంటుంది. నెలజీతం లేనిదే ఇల్లు గడవదనుకుంటే సర్వీసు దారే మేలు. అందులో తక్కువతనమేమీ లేదు.

ఏ దారైనా మొదటి మూడేండ్లు ఇక్కడే, అదాలత్‌లోనే, అంటే జిల్లా కోర్టులోనే ఉండు. 2025 మే 20 తీర్పుతో సివిల్ జడ్జి పరీక్షకు 3 ఏండ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరైంది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే దాన్ని లెక్కిస్తారు. 10 ఏండ్ల అనుభవమున్న వకీలు సర్టిఫికెట్ ఇస్తే జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. చివర్లో తండ్లాట పడకుండా హాజరైన ప్రతి కేసు నంబరు, తేదీ, ఆరోజు చేసిన పని డైరీలో రాసిపెట్టుకో.

అదాలత్ ఎందుకంటే, హైకోర్టు జడ్జి బల్ల మీదికొచ్చే అప్పీలు మొత్తం కింది కోర్టులో తయారైన రికార్డే. ఆ రికార్డు ఎక్కడ చెడుతుందో తెలియనివాళ్లు దాన్ని సరిగా చదవలేరు. మన దగ్గర భూమి దావాలే ఎక్కువ కాబట్టి పహాణీ, అంటే ఏటా రాసే ఊరి భూమి రికార్డు, చదవడం ముందు నేర్చుకో. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టి ఏడాది తర్వాత ఏడాది పట్టాదారు కాలమ్, అనుభవదారు కాలమ్ పక్కపక్కన రాసుకో. పేరు మారిన ఏడు దగ్గర ఆగు. ఏ ఉత్తర్వు మీద మారిందో కాగితం అడుగు. ఉత్తర్వు లేకుండా పేరు మారి ఉంటే కేసు అక్కడే ఉంటుంది. బై నంబర్ల, అంటే సర్వే నంబరును విడగొట్టిన ముక్కల, విస్తీర్ణం కూడి అసలు సర్వే నంబరుతో పోల్చు. 40 గుంటలకు ఎకరం. నాలుగు గుంటలు ఎక్కువ తేలితే ఎవరో లేని భూమిని అమ్మారన్నమాట.

సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం, వస్తే మరీ జాగ్రత్త. స్టాంపు చాలలేదన్న అభ్యంతరం ఆ కాగితాన్ని సాక్ష్యంగా గుర్తించే ఎగ్జిబిట్ నంబరు పడకముందే చెప్పాలి. ఒకసారి సాక్ష్యంలోకి తీసుకున్నాక స్టాంపు చట్టం 36వ సెక్షన్ ఆ నోరు మూసేస్తుంది. రిజిస్ట్రేషన్ లేదన్న సంగతి వేరు. స్టాంపు, పెనాల్టీ కట్టినంత మాత్రాన ఆ కాగితం హక్కు ఇవ్వదు. జూనియర్లు ఈ రెండింటినీ కలిపేసి, చెప్పాల్సిన రోజు ఊరుకుంటారు.

ఇంకొకటి, పుస్తకాల్లో దొరకదు. పర్కాల నుంచో నర్సంపేట నుంచో వచ్చిన రైతు బోనులో నిలబడి ‘కబ్జా నాదే’ అంటే భూమి తన స్వాధీనంలో ఉందని అర్థం. పట్నం చెవికి అది ఆక్రమణలా వినబడుతుంది. వాంగ్మూలం ఇంగ్లీషులోకి ఎక్కేటప్పుడు ఆ మాట తప్పుగా పడితే, పదేండ్ల తర్వాత హైకోర్టులో రైతు తానే ఆక్రమించానని ఒప్పుకున్నట్టు ఉంటుంది. సాక్షి సంతకం చేసేలోపే చదివి, అక్కడికక్కడే దిద్దించు. రేపు నువ్వు జడ్జివైనా ఈ చెవి నీకు కావాలి.

బార్ దారే అనుకుంటే ఐదారేండ్లకు హైదరాబాదు మారు. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి రోజూ తిరుగుతూ రెండు చోట్లా ప్రాక్టీసు చేస్తానంటే రెండూ సగమే అవుతాయి. రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్లు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ కింద రెండో అప్పీళ్లు నువ్వే వాదించు. నీ పేరుతో అచ్చైన తీర్పుల జాబితా ఉంచుకో. ఆదాయపు పన్ను రిటర్ను ఏటా నిజంగా వెయ్యి. ఫీజు నగదుగా తీసుకుని లెక్కలో చూపనివాళ్లు జడ్జి పదవికి పేరు పరిశీలనకు వచ్చిన రోజు ఏమీ చూపలేరు. కక్షిదారుతో ప్లాట్ల వ్యాపారం పెట్టుకోకు. ఇంటెలిజెన్స్ విచారణలో మొదట బయటపడేవి ఇలాంటివే.

అయ్యాక బతుకు ఎట్లుంటుందో కూడా తెలుసుకో. మొదట అదనపు జడ్జిగా వేస్తే అది రెండేండ్లకు మించదు. 222వ అధికరణం కింద తెలుగు వినబడని రాష్ట్రానికి బదిలీ కావచ్చు. 1997లో సుప్రీంకోర్టు ఆమోదించిన విలువల పత్రం ప్రకారం దగ్గరి బంధువు నీ ముందు వాదించకూడదు, వకీలైన బంధువు నీ ఇంట్లో ఉండి ప్రాక్టీసు చేయకూడదు. మన ఇంట్లో ఇద్దరు వకీళ్లం ఉన్నాం, ఆ మాట ముందే మాట్లాడుకుందాం. తీర్పు రిజర్వు చేస్తే మూడు నెలలు దాటనివ్వకు. ఆలస్యమైతే వాదన మరిచిపోతావు, నోట్సే మిగులుతాయి. దిగిపోయాక నువ్వు శాశ్వత జడ్జిగా చేసిన హైకోర్టులో, దాని కింది కోర్టుల్లో నల్లకోటు వేసుకోలేవు.

సోమవారం పదింటికి ముందే అదాలత్‌కు రా. రెండు నోటుబుక్కులు తెచ్చుకో, ఒకటి డైరీకి, ఒకటి సాక్షుల మాటలకు. ఆరోజు ఒక పార్టిషన్ (ఆస్తి పంపకం) దావాలో క్రాస్ ఎగ్జామినేషన్ ఉంది. పహాణీలు 22 ఉన్నాయి, ముందే జిరాక్స్ తీయించి ఉంచుతాను.

మామ
హనుమకొండ