పిల్లలకు 24 గంటల బీపీ మెషిన్... రాత్రికి తీసేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు. బీపీ మూడుసార్లు చూసినా 130 పైనే ఉంది. 24 గంటలు మెషిన్ పెట్టాలంటున్నారు. చిన్న చప్పుడుకే లేచిపోతాడు, రాత్రికి తీసేయొచ్చా? తగ్గుతుందేమోనని మూడు రోజులుగా వాళ్ల తాతయ్య బీపీ మాత్రలో సగం వేస్తున్నాం. ఈమధ్య పొద్దున లేచేసరికి ముఖం కాస్త ఉబ్బుగా ఉంటోంది. నిద్ర చాలకేమో. - ఒక తల్లి

జవాబు: మెషిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ముఖం ఉబ్బు గురించి చెప్పండమ్మా. మీరు నిద్ర చాలకేమో అని వదిలేశారు గానీ, నాకు అనుమానం దాని మీదే. బీపీ ఎక్కువున్న పిల్లల్లో పొద్దున్నే కళ్ల చుట్టూ వాపు కనిపిస్తే కిడ్నీలను చూడక తప్పదు. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తోందా, నురగ కడుతోందా, రోజూకన్నా తక్కువ పోస్తున్నాడా? సాయంత్రం సాక్సు విప్పితే కాలి మీద గుంట పడుతోందా? మూత్ర పరీక్ష, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష ఇంకా చేయించకపోతే రేపే చేయించండి. మెషిన్ డేట్ వచ్చేదాకా ఆగొద్దు.

ఇక తాతయ్య మాత్ర. సగమే కదా అని ఎలా వేశారమ్మా? అదేం మాత్రో కూడా రాయలేదు. కిడ్నీలకు వెళ్లే రక్తనాళాలు సన్నబడి ఉంటే కొన్ని రకాల బీపీ మాత్రలు కిడ్నీలనే దెబ్బతీస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు కొన్ని పడవు. కొన్నింటిని ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగబాకుతుంది. అందుకే ఆపమనో, వేయమనో నేను ఇక్కడినుంచి చెప్పలేను. తర్వాతి డోసు టైమ్ లోపే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి, స్ట్రిప్ మీద పేరు చదివి వినిపించండి. తిడతారని దాచకండి. మాత్ర పనిచేస్తుండగా మెషిన్ పెడితే అసలు బీపీ ఎంతో తేలదు, మళ్లీ పెట్టాల్సి వస్తుంది. జలుబు మందులు, స్టెరాయిడ్లు, ఎనర్జీ డ్రింకులు కూడా బీపీ పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే అవీ చెప్పండి.

మెషిన్ రాత్రి తీయకూడదు. నిద్రలో బీపీ పగటికన్నా 10 శాతమైనా తగ్గాలి. తగ్గుతోందో లేదో తెలిసేది ఆ రాత్రి రీడింగుల్లోనే. కొందరు పిల్లలకు డాక్టర్‌ను చూసిన టెన్షన్‌తోనే బీపీ పెరుగుతుంది, అదీ ఈ టెస్టులో బయటపడుతుంది. పగలు 15-20 నిమిషాలకు, రాత్రి 20-30 నిమిషాలకోసారి చేతికి కట్టిన మెషిన్ పట్టీ బిగుస్తుంది. మొదట్లో ఉలిక్కిపడతాడు, తర్వాత చాలామంది పిల్లలు అలవాటు పడి నిద్రపోతారు. మామూలుగా రాయని చేతికే కడతారు. పట్టీ వాడి చేతికి సరిపోయే సైజుదేనా అని అడగండి, చిన్నదైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. బిగుస్తున్నప్పుడు చేయి కదపకుండా వదులుగా ఉంచమనండి. పడుకున్న టైమ్, లేచిన టైమ్ రాసిపెట్టండి. స్నానం మెషిన్ పెట్టకముందే కానివ్వండి.

ఈలోగా తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఆయాసం, ఫిట్స్, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఆ మాత్ర స్ట్రిప్ కూడా వెంట ఉండాలి.