ఆస్ట్రేలియాలో తిరగడానికి కారు కొనాలా, అద్దెకి తీసుకోవాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను, వయసు 62. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్టోబర్‌లో మేమిద్దరం విజిటర్ వీసా మీద 75 రోజులు ఉండేట్టు వెళ్తున్నాం. మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్, అక్కణ్ణుంచి పెర్త్ దాకా కారులో పోవాలని నా కోరిక. అద్దె రోజుకి 60 డాలర్లట, అంటే 75 రోజులకి 4,500 డాలర్లు. దానికి ఇంకొంచెం కలిపితే పాత కారే వస్తుంది, వచ్చేముందు అమ్మేసుకోవచ్చు కదా అంటాను నేను. మావాడు వద్దంటున్నాడు, మా ఆవిడ వాడి వైపే. మీరేమంటారు?

జవాబు: గుణకారం సరిగ్గానే చేశారండీ, రోజుల దగ్గరే తేడా వచ్చింది. 75 రోజులూ మీరు కారులో ఉండరు. మొదటి వారం నిద్ర పట్టక, ఆకలి వేళలు కుదరక గడిచిపోతుంది, తర్వాత కొన్నాళ్ళు కొడుకింట్లో, మధ్యలో వాడి స్నేహితులు భోజనాలకి పిలుస్తారు, శనాదివారాలు వాడి కారులోనే తిరుగుతారు. మీరు సొంతంగా స్టీరింగ్ పట్టే రోజులు ఒక 25 ఉంటే గొప్ప. అంటే పాత కారు ధరతో పోల్చాల్సింది 4,500ని కాదు, 1,500ని. మెల్‌బోర్న్‌లో తీసుకుని పెర్త్‌లో వదిలేస్తే దానికి విడిగా ఛార్జీ ఉంటుంది, అది కొన్ని వందల డాలర్లు ఉండొచ్చు, అదీ కలుపుకోండి. అయినా మీ అంకె దరిదాపుల్లోకి రాదు.

కొనడం తేలికే. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు కూడా కొనుక్కోవచ్చు, చిరునామా మీ అబ్బాయిది ఉండనే ఉంది. కష్టమంతా అమ్మేటప్పుడు. మెల్‌బోర్న్ ఉండే విక్టోరియా రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌తో సహా కారు అమ్మాలంటే రోడ్‌వర్తీ సర్టిఫికెట్, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందన్న కాగితం ఉండాలి, అదీ అమ్మకానికి ముందు 30 రోజుల్లోపు తీసుకున్నదై ఉండాలి. మీరు వేల కిలోమీటర్లు తోలి తెచ్చిన కారుని మెకానిక్ చూసి టైర్లు మార్చాలి, బ్రేకులు మార్చాలి, ఇక్కడ ఆయిల్ కారుతోంది అని ఒక పట్టీ రాసిస్తాడు. అవన్నీ చేయించాకే సర్టిఫికెట్. చేయించకుండా నంబరు ప్లేట్లు తీసేసి అమ్మొచ్చు గానీ అప్పుడు ధర సగానికి పడిపోతుంది.

నా సంగతి చెప్తాను. చదువుకునే రోజుల్లో నేనూ నా రూమ్మేట్లిద్దరూ కలిసి సిడ్నీలో 3,200 డాలర్లు పెట్టి ఒక పాత స్టేషన్ వాగన్ కొన్నాం. బండి మంచిదే, పాపం ఎక్కడా మొరాయించలేదు. ఇండియాకి ఫ్లైట్ ఇంకా నాలుగు రోజులుందనగా అమ్మకానికి పెట్టాం, చూడటానికి ఒక కుర్రాడొచ్చాడు. కారు చుట్టూ తిరిగి చూసి, కాగితాల కోసం ఇంట్లోకి వచ్చి, హాల్లో సర్దిపెట్టిన సూట్‌కేసులు చూశాడు. 900 అన్నాడు. మేం 2,000 అన్నాం. వాడు మళ్ళీ సూట్‌కేసుల వైపు చూసి 900 అన్నాడు. ఇచ్చేశాం. టికెట్టు చేతిలో పెట్టుకుని బేరమాడేవాడికి అంతకంటే రాదు.

ఇందులో ఒక్క మినహాయింపు ఉంది, అది మీ ఇంట్లోనే ఉండొచ్చు. మీ అబ్బాయికో కోడలికో ఎలాగూ రెండో కారు కావాల్సి ఉంటే వాళ్ళనే ఇప్పుడు వాళ్ళ పేరున కొనమనండి, అందులో మీరు తిరగండి. అప్పుడు అమ్మే తొందరే ఉండదు కాబట్టి లెక్క మొత్తం మారిపోతుంది. ఇన్సూరెన్స్ పాలసీలో మీ పేరు డ్రైవర్‌గా చేర్పించడం మాత్రం మర్చిపోవద్దు. అలాంటి అవసరం వాళ్ళకి లేకపోతే, ఈ విషయంలో నేనూ మీ ఆవిడ వైపే.

అలాగని అద్దె కారు ఏ తలనొప్పీ లేని వ్యవహారమని కాదు. ఒప్పందం కాగితం చదవండి, మనవాళ్ళం ఎవరం చదవం. అందులో మూడు చోట్ల జాగ్రత్త. ఒకటి కిలోమీటర్లు: నగరాల మధ్య తిరిగితే అన్‌లిమిటెడ్ అంటారు గానీ వెస్టర్న్ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ లాంటి చోట్ల చాలా కంపెనీలు రోజుకి ఇన్నే అని పరిమితి పెడతాయి, పైన తిరిగిన ప్రతి కిలోమీటరుకీ డబ్బు కట్టాలి. అడిలైడ్ నుంచి పెర్త్ దాదాపు 2,700 కిలోమీటర్లు, మన హైదరాబాద్ నుంచి శ్రీనగర్ వెళ్ళినా అంత అవదు. రెండు, మామూలు కార్లని మట్టిరోడ్ల మీద తోలనివ్వరు, ఊరి బయట పొద్దుగూకాక తోలొద్దని కూడా చాలామంది రాస్తారు. సాయంత్రం మసక వేళ, తెల్లవారుజామున కంగారూలు రోడ్డు మీదకి వస్తాయి, ఆ వేళలో ఏదైనా గుద్దుకుంటే ఇన్సూరెన్స్ లేనట్టే. మూడు, ఎక్సెస్. యాక్సిడెంట్ అయితే మొదట మన జేబులోంచి పోయే సొమ్ము అది, కొన్ని వేల డాలర్లు ఉంటుంది. రోజువారీ రుసుము కట్టి తగ్గించుకోవచ్చు, మీ వయసుకి, ఆ దూరానికి కట్టుకోమనే చెప్తాను. అది కట్టినా అద్దాలు, టైర్లు, కారు అడుగుభాగం అందులోకి వస్తాయో లేదో అడగండి. నేనొకసారి అన్నీ కట్టాననుకుని ధీమాగా ఉంటే, ఎదురొచ్చిన లారీ చక్రం కింద నుంచి గులకరాయి ఎగిరి అద్దానికి తగిలింది, ఒక అద్దె కంపెనీ వాళ్ళు 480 డాలర్లు కోసుకున్నారు. బియ్యపు గింజంత మచ్చకి!

ఇంకోటి, బాండ్ (డిపాజిట్) కింద మీ క్రెడిట్ కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. కార్డు డ్రైవర్ పేరునే ఉండాలి. ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డులని చాలా కంపెనీలు తీసుకోవు, కౌంటర్ దగ్గర నిలబడి కొడుక్కి ఫోన్ చేయాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

నన్నడిగితే కారు ఒకవైపుకే తీసుకోండి. గ్రేట్ ఓషన్ రోడ్ మీదుగా అడిలైడ్, తర్వాత నల్లార్‌బోర్ మైదానం దాటి పెర్త్, అక్కడ కారు వదిలేసి విమానంలో వెనక్కి. అదే ఎడారి రెండోసారి చూడ్డానికి ఇంకో వారం పెట్రోలు తగలెయ్యడం ఎందుకండీ? ఆ దారిలో 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపు లేని రోడ్డుంది, ఒకసారికి భలే ఉంటుంది, రెండోసారి మాత్రం నిద్రొస్తుంది. పెట్రోలు బంకుకీ బంకుకీ మధ్య కొన్నిచోట్ల దాదాపు 190 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఎక్కడ బంకు కనిపిస్తే అక్కడ ట్యాంకు నింపేయండి, ధర చూసి గుండె పట్టుకోవద్దు. మీ ఆవిడతో ఒక మాట: వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గర కారు ఆపి తనిఖీ చేస్తారు, పండ్లు, కూరగాయలు, తేనె లోపలికి తీసుకెళ్ళనివ్వరు. కొత్తిమీర, నిమ్మకాయలు, పచ్చిమిర్చి ముందురోజే వండుకుని తినేయండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు, విశాఖపట్నం. వర్క్ అండ్ హాలిడే వీసా లాటరీలో నా పేరు వచ్చింది. ఏడాది పాటు ఫ్రెండ్‌తో కలిసి పొలాల్లో, కేఫ్‌లలో పనిచేస్తూ ఆస్ట్రేలియా అంతా తిరగాలని ప్లాన్. ఇంట్లో వాళ్ళు కారు కొంటానంటే టెన్షన్ పడుతున్నారు, అద్దెకి తీసుకోమంటున్నారు.

జవాబు: ఈ 462 వీసా లాటరీ తగలడమే పెద్ద విషయం, మన దేశానికి ఏడాదికి ఇచ్చేవే 1,000. నువ్వు మాత్రం కొనుక్కో అమ్మా. పైన పెద్దాయనకి వద్దన్నాను కదా అంటావేమో, ఆయనవి 25 రోజులు, నీది ఏడాది. పైగా 25 ఏళ్ళ లోపు వాళ్ళకి అద్దె కంపెనీలు రోజుకి అదనపు ఛార్జీ వేస్తాయి. బస్సు రాని పొలాల్లో పనికి పోవాలంటే కారు లేకుండా కుదరదు, సొంత కారు ఉందా అని ముందే అడిగే యజమానులూ ఉంటారు.

కొనేముందు కారు వీఐఎన్ నంబర్, అంటే ఛాసిస్ మీద ఉండే 17 అక్షరాల నంబర్, పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో కొట్టి చూడు. ఖర్చు 2 డాలర్లు. కారు మీద అప్పు ఉందా, దొంగబండా, యాక్సిడెంట్‌లో తుక్కు కింద రాసేసిందా అన్నీ తెలుస్తాయి. అప్పున్న కారు కొంటే బాకీ వాళ్ళొచ్చి నీ దగ్గర్నుంచే బండి పట్టుకుపోగలరు. తర్వాత నీకు తెలిసిన మెకానిక్‌కి చూపించు, అమ్మేవాడు నా మెకానిక్ ఉన్నాడంటే అక్కణ్ణుంచి వచ్చెయ్.

రిజిస్ట్రేషన్‌ని అక్కడ రెగో అంటారు, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. వెస్టర్న్ ఆస్ట్రేలియా రెగో ఉన్న కారు చేతులు మారేటప్పుడు ఫిట్‌నెస్ తనిఖీ అడగరు, అందుకే నీలాగా తిరిగేవాళ్ళలో ఆ ప్లేట్లకి గిరాకీ. అది అమ్మేటప్పుడు సుఖం గానీ కొనేటప్పుడు కాదు, ఎవరూ తనిఖీ చేయని బండి నీ చేతికొస్తోందని గుర్తుపెట్టుకో.

రెగోతో పాటు తప్పనిసరి ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అని ఊరుకోవద్దు, అది మనుషుల గాయాలకి మాత్రమే. ఎదుటివాడి ఖరీదైన కారుకి నీ పాత బండి తగిలిందంటే బాగుచేయించే ఖర్చు నీదే. కనీసం థర్డ్ పార్టీ ప్రాపర్టీ పాలసీ విడిగా తీసుకో. ఎన్ఆర్ఎంఏ, ఆర్ఏసీవీ లాంటి క్లబ్బుల్లో రోడ్‌సైడ్ సహాయం సభ్యత్వం కూడా, అందులోనూ ఎక్కువ దూరం లాక్కొచ్చే రకం. ఎడారి మధ్యలో టోయింగ్ బిల్లు కారు ధరని మించిపోగలదు. ఇంట్లో వాళ్ళకి ఈ సభ్యత్వం కార్డు ఫోటో పంపించు, సగం టెన్షన్ తగ్గుతుంది.

అమ్మడం మాత్రం వీసా అయిపోవడానికి రెండు నెలల ముందే మొదలుపెట్టు, నీలాంటి వాళ్ళు కొత్తగా దిగే పెద్ద నగరంలో. సూట్‌కేసులు లోపలి గదిలో పెట్టుకో.

ప్రశ్న: అద్దె కారుకి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరా? ఆస్ట్రేలియా వెళ్ళాక తీసుకోవచ్చా? (రాజమండ్రి పాఠకుడు)

జవాబు: మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి టూరిస్టుగా వెళ్ళినవాళ్ళకి ఆస్ట్రేలియాలో అదే చెల్లుతుంది. కానీ అద్దె కౌంటర్‌లో కొందరు పర్మిట్ కూడా అడుగుతారు, ఉంటే వాదన ఉండదు. ఇది మన ఆర్టీఓ ఆఫీసు ఇచ్చేది, ఆస్ట్రేలియాలో మీకెవరూ ఇవ్వరు, కాబట్టి బయల్దేరకముందే తీసుకోండి. పాస్‌పోర్టు కాపీ కావాలి, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. ఒరిజినల్ లైసెన్సు కూడా వెంట ఉండాలి, పర్మిట్ ఒక్కటే చూపిస్తే కుదరదు. విశాఖ అమ్మాయికి కూడా ఒక ముక్క: విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్‌లలో టెంపరరీ వీసా మీద ఆరు నెలలు దాటి నివాసం ఉంటే అక్కడి లైసెన్సే తీసుకోవాలి, మన లైసెన్సు చూపించి నేరుగా మార్చుకోవడం కుదరదు, పరీక్షలు పాసవ్వాలి.