నెల్లూరు నుంచి మైపాడుకి సైకిల్ మీద, పిల్లలతో పోవచ్చా?

పదమూడేళ్ళ అబ్బాయితో కలిసి నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి మామూలు సైకిళ్ళ మీద పోయి రావాలనుంది, అలవాటు లేనివాళ్ళం, చేయగలమా అని అడిగారు. నిక్షేపంగా పోవచ్చు. మా పాప ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచి ప్రతి సంక్రాంతి సెలవుల్లో మేమిద్దరం పోతూనే ఉన్నాం. ఒక వైపుకి సుమారు 25 కిలోమీటర్లు. పెన్నా డెల్టా గదా, నేలంతా పళ్ళెంలా ఉంటుంది, ఎక్కడా ఎత్తు ఎక్కే పని లేదు. గేర్ల సైకిల్ అక్కర్లేదు.

కష్టమంతా గాలితోనే. మొదటిసారి మాకది తెలియదు. ఇంట్లో టిఫిన్ చేసి తీరిగ్గా ఎనిమిదిన్నరకు బయల్దేరాం. ఇందుకూరుపేట దాటేసరికి పది దాటింది. అప్పటికే సముద్రం వైపు నుంచి గాలి ఎదురు కొడుతోంది. పాప సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కినా సైకిల్ ముందుకు పోనంటుంది. చివరికి ఒక రొయ్యల గుంట గట్టు మీద కూలబడి "నాయనా, ఇంక నా వల్ల కాదు" అంది. మొహం కందిపోయింది. చెమట ఆరి చెంపల మీద తెల్లగా ఉప్పు చారలు కట్టాయి. అవి చూసి నాకు నిజంగా భయమేసింది. గుంటల కాపలా పెద్దాయన బిందెలో నీళ్ళు ముంచిచ్చి, "పొద్దెక్కితే గాలి ఎదురొస్తాదయ్యా, చీకటితోనే రావాల" అన్నాడు. ఆరోజు అక్కడి నుంచే వెనక్కి తిరిగాం.

ఆయన మాట అక్షరాలా నిజం. రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున గాలి, ఉన్న కాస్తా, నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది. ఎండెక్కి నేల కాగాక అది తిరగబడుతుంది. ఐదింటికల్లా నెల్లూరులోని మైపాడు గేటు దాటారంటే పోయేటప్పుడు గాలి అడ్డం రాదు, పది ప్రాంతంలో తిరుగు ప్రయాణం పెట్టుకుంటే అదే గాలి వీపు మీద చెయ్యి పెట్టి నెడుతుంది. మేము దారిలో ఆగుతూ రెండు గంటల్లో చేరతాం.

జనవరి, ఫిబ్రవరి నెలలు బాగుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుఫాన్లు. మే నెలలో మాత్రం దయచేసి పిల్లాడితో పోవద్దు. పడమటి వడగాలి పట్టిందంటే ఇంటికొచ్చే దారంతా అది మొహానికే కొడుతుంది.

చీకట్లో బయల్దేరతారు కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పనిసరి, ముందు టార్చి కూడా. తెల్లారాక సూర్యుడు సరిగ్గా కళ్ళలో పడతాడు, అంచు ఉన్న టోపీ పెట్టండి. కోతల రోజుల్లో రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీదుగా పోనివ్వకండి, చక్రం జారుతుంది, పైగా రైతు కష్టం. రొయ్యల గుంటల దగ్గర కుక్కలు వెంటపడితే తొక్కడం ఆపి, దిగి నిలబడితే చాలు, మాకైతే ప్రతిసారీ వాటంతట అవే పోయాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఉంచుకోండి.

మైపాడుకి ముందు బకింగ్‌హామ్ కాలువ వస్తుంది. అక్కడ ఐదు నిమిషాలు ఆగి పిల్లాడికి చూపించండి. ఒకప్పుడు ఈ తీరం నుంచి మద్రాసుకు సరుకులు పడవల మీద ఈ కాలువలోనే పోయేవి. ఓపిక ఉంటే ఇంకో రోజు పల్లిపాడు పెట్టుకోండి. అది కూడా ఇందుకూరుపేట మండలమే. పెన్న ఒడ్డున ఉన్న పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ గారు ప్రారంభించారు. రెండూ ఒకే రోజు వద్దు, పిల్లలు అలిసిపోతారు.

బీచ్ దగ్గర సరుగుడు చెట్ల నీడలో దుప్పటి పరుచుకుని, తెచ్చుకున్న ఇడ్లీ, కారప్పొడి తింటే ఆ రుచే వేరు. కానీ నీళ్ళ సంగతి గట్టిగా చెబుతున్నాను. మైపాడులో అల చూడటానికి చిన్నగానే ఉంటుంది, వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుకతో సహా లాగేస్తుంది. ఈత వచ్చిన కుర్రవాళ్ళు కూడా ఇక్కడ పోయారు. మోకాలి లోతు దాటనివ్వకండి, మీరు పక్కనే ఉన్నా సరే.

తడి ఇసుక గట్టిగా ఉంది కదా అని అబ్బాయి సైకిల్ తొక్కుతానంటాడు. మా పాప తొక్కింది. అలసిపోయి వచ్చాం, రేపు కడుగుదాంలే అనుకున్నాను. వారం తిరిగేసరికి చైను తుప్పు పట్టి, పెడల్ తిప్పితే కరకరలాడింది. చైను మార్చక తప్పలేదు. సైకిళ్ళు చెట్ల దగ్గరే ఉంచి, ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, చైనుకు నాలుగు చుక్కలు మెషిన్ ఆయిల్ వేయండి. ఆ తర్వాతే పడుకోండి.